మావయ్య కొట్లో గోడ మీది కాగితం

గుంటూరు మిర్చి యార్డులో మా మావయ్య కమీషన్ కొట్లో, వెంకటేశ్వరస్వామి పటానికి కాస్త కిందగా ఒక పేపర్ కటింగ్ వేలాడుతూ ఉంటుంది. లామినేషన్ చేయించిన కాగితం. అంచుల్లోంచి కారం దుమ్ము లోపలికి దూరి మూలలు ఎర్రబడిపోయాయి. ‘కారం తింటే ఆయుష్షు పెరుగుతుంది’ అన్న హెడ్డింగు మాత్రం ఇప్పటికీ గుమ్మంలోంచే కనబడుతుంది. 2015 ఆగస్టులో వచ్చిన వార్త అది. దాన్ని కత్తిరించి, బ్రాడీపేటలో జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళి లామినేషన్ చేయించి తెచ్చింది ఎవరో కాదు, నేనే.

అప్పటికి నేను మెడికల్ రెప్‌గా ఎనిమిదేళ్ళ సర్వీసున్నవాణ్ణి. పరిశోధన అంటే ఏమిటో, అది పేపర్లోకి వచ్చేసరికి ఏమవుతుందో ఊళ్ళో నలుగురి కంటే నాకే ఎక్కువ తెలియాలి. అయినా ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. మిర్చి అమ్ముకుని బతికే ఇల్లు మాది. మిర్చి మంచిదని తెల్లకోటు వాళ్ళే చెబుతుంటే కాదనడానికి మాకేం పట్టింది?

ముందు ఆ వార్త సంగతి చెబుతాను. చైనాలో 30 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసున్న 4.87 లక్షల మందిని 2004–2008 మధ్య ఒక పెద్ద అధ్యయనంలో చేర్చుకున్నారు. ‘పోయిన నెలలో కారంగా ఉన్నవి ఎన్నిసార్లు తిన్నారు?’ అని అడిగి రాసుకున్నారు. తర్వాత ఏడేళ్ళ పైచిలుకు వాళ్ళని కనిపెట్టి చూశారు. ఈలోగా 20 వేల మందికి పైగా చనిపోయారు. వారానికి ఒక్కసారి కూడా కారం తిననివాళ్ళతో పోలిస్తే, ఆరేడు రోజులు తినేవాళ్ళలో చావులు 14 శాతం తక్కువ కనబడ్డాయి. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. దొంగ పరిశోధన కాదు. చేసినవాళ్ళు నిజాయితీగానే, ఇది పైనుంచి చూసి రాసుకున్న లెక్క మాత్రమేననీ, ఆయుష్షుకి కారమే కారణమని దీన్నిబట్టి తేల్చలేమనీ ఒప్పుకున్నారు. మా పేపర్లో ఆ మాట చివరి పేరాలో వచ్చింది. లామినేషన్ కవరులో పట్టలేదని ఆ చివరి పేరాని కత్తెరతో తీసేసింది కూడా నేనే.

మన ఇళ్ళ సంగతి ఆలోచించండి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ముందు ఆపేది ఏమిటి? కారమే కదా. జ్వరమొస్తే చారన్నం, కామెర్లొస్తే చప్పిడి కూడు, ఆపరేషనైతే పత్యం. మా అమ్మమ్మ చివరి రెండేళ్ళూ ఇడ్లీ, పెరుగన్నం తప్ప ఏదీ ముట్టలేదు. పండగ పూట గోంగూర పచ్చడి నూరుతుంటే వంటింటి గుమ్మం దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి వెళ్ళిపోయేది. ఆ చైనావాళ్ళెవరో వచ్చి, ‘పోయిన నెలలో కారం ఎన్నిసార్లు తిన్నావమ్మా?’ అని అడిగుంటే సున్నా అని చెప్పేది. ఆ తర్వాత ఏడేళ్ళలోపే పోయింది కూడా. అంటే లెక్కల్లో ఆవిడ ‘కారం తినలేదు, చనిపోయింది’ అన్న గడిలో పడుతుంది. కారం మానేసినందుకు పోయిందా, పోయే రోగముంది కాబట్టి కారం మానేసిందా? కాగితం మీద ఆ తేడా తెలీదు.

పరిశోధకులకి ఈ చిక్కు తెలియక కాదు. అప్పటికే కేన్సర్, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నవాళ్ళని ముందే పక్కన పెట్టారు. కానీ ఇంకా బయటపడని జబ్బుని, ఎందుకో రుచి చచ్చిపోయిన నాలుకని ఎలా పక్కన పెడతారు? పైగా ఆ లెక్కలో కారం ఎక్కువ తినేవాళ్ళు ఎక్కువగా పల్లెటూరివాళ్ళు. ఎండలో పనిచేసి, వేడన్నం తిని, తొమ్మిదింటికి పడుకునే మనిషికి ఆయుష్షు ఉంటే ఆ ఘనతని మిరపకాయకి కట్టబెట్టడం మా కొట్టుకి లాభమే గానీ, న్యాయం కాదు.

ఆ 14 శాతంలో ఇంకో కిటుకుంది. అది నాకు నేర్పింది కొత్తపేటలో ఒక పెద్ద డాక్టరుగారు. 2011 అనుకుంటాను. కొత్తపేట హాస్పిటళ్ళ వీధి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఓపీ అయిపోయే వేళకి మెట్ల మీద టైలు బిగించుకుని, నల్ల బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని రెప్పులందరం వరసగా కూర్చునేవాళ్ళం. నా వంతు రెండున్నరకి వచ్చింది. కొలెస్ట్రాల్ మాత్ర. మా కంపెనీ ఇచ్చిన విజువల్ ఎయిడ్ తెరిచి, నోటికొచ్చిన పాఠం మొదలుపెట్టాను. పేజీ నిండా రెండు స్తంభాల బొమ్మ. ఎర్రది తాటిచెట్టంత, ఆకుపచ్చది పక్కన తులసి మొక్కంత. పైన ‘గుండెపోటు ముప్పు 36 శాతం తగ్గుదల’.

ఆయన ఫోల్డరు నా చేతిలోంచి తీసుకుని, బొమ్మ అడుగున బొటనవేలు పెట్టారు.

“ఇందులో సున్నా ఎక్కడుందయ్యా?”

చూశాను. లేదు. స్తంభాలు మధ్యలోంచి మొదలయ్యాయి. కాళ్ళు నరికేసిన బొమ్మలో పొడుగు తేడా ఎంతైనా కనబడుతుంది.

“సరే, ఈ 36 శాతం వందమందిలో ఎంతమంది?”

అదీ తెలీదు. నాలుగేళ్ళుగా ఆ పేజీ చూపిస్తున్నాను, రోజుకు పదిమందికి. ఆయనే కళ్ళజోడు పైకి జరిపి, పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది చదివారు. మూడేళ్ళ పైన సాగిన, పదివేల మందికి మించి పాల్గొన్న యూరప్ అధ్యయనం. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో వందకి ముగ్గురికి గుండెపోటు. అసలు మాత్ర వేసుకున్నవాళ్ళలో వందకి ఇద్దరికి.

“మూడు పోయి రెండయింది. దాన్ని మూడో వంతు తగ్గిందనీ చెప్పొచ్చు, వందకి ఒక్కడు తప్పించుకున్నాడనీ చెప్పొచ్చు. రెండూ నిజమే. మీవాళ్ళు ఒకటి పెద్దక్షరాల్లో వేసి, ఇంకోటి భూతద్దానికి వదిలేశారు.”

నాకు చెమటలు పట్టాయి. ఇక ఈయన మన మందు రాయడనుకున్నాను. కానీ తర్వాత వచ్చిన పేషెంటుకి సరిగ్గా ఆ మాత్రే రాశారు. నా మొహం చూసి నవ్వి, “ఇతనికి ఆల్రెడీ ఒకసారి వచ్చిందయ్యా. ఇలాంటివాళ్ళు వందమందిలో మళ్ళీ పడేవాళ్ళు ముగ్గురు కాదు, చాలా ఎక్కువ. అందులో మూడో వంతంటే చిన్న విషయమా?” అన్నారు. అంకె ఒకటే, మనిషి మారేసరికి దాని బరువు మారిపోయింది. నాలుగేళ్ళ ట్రైనింగుల్లో, స్టార్ హోటళ్ళ మీటింగుల్లో ఎవరూ చెప్పని సంగతి ఐదు నిమిషాల్లో తెలిసింది.

ఇదే కిటుకుతో భయాన్నీ అమ్మొచ్చు. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొన్ని కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని అధికారికంగానే హెచ్చరిక వచ్చింది. రెట్టింపు అనగానే ఆడవాళ్ళు భయపడి మాత్రలు మానేశారు. అసలు లెక్క ఏమిటంటే, 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో దాదాపు 13,000 అబార్షన్లు ఎక్కువ జరిగాయి. ఇందులో దారుణం ఏమిటంటే, గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల వల్ల వచ్చేదానికంటే ఎక్కువ. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ‘ఎంతలో రెట్టింపు?’ అన్నది మాత్రం వదిలేశారు.

రెప్ ఉద్యోగం మానేసి 2016లో మావయ్య కొట్లో లెక్కలు చూడ్డానికి వచ్చాక, నాకు తమాషాగా అనిపించింది ఒకటే. డాక్టర్ల దగ్గర నేను చేసిన పనిని యార్డులో ఎవరూ చేయనివ్వరు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి విప్పగానే పైన నిగనిగలాడే తేజ రకం కాయ కనబడుతుంది. కొనేవాడెవడూ దాన్ని చూసి బేరమాడడు. టిక్కీని పక్కకి పడేసి, పొట్ట దగ్గర కోసి, లోపలికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయ లాగుతాడు. అదీ మచ్చు. ఒక కాయని చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండింది, మూగగా ఉంటే తేమ ఉంది. తొడిమ విరుస్తాడు, మధ్యకి చీల్చి గింజ రంగు చూస్తాడు. రంగు పోయిన తాలు కాయ ఎంత కలిసిందో అరచేతిలోనే లెక్క తేలుస్తాడు. మా దగ్గర పదో క్లాసు తప్పినవాళ్ళు కూడా ఈ పరీక్ష కళ్ళు మూసుకుని చేస్తారు.

మందుల పరిశోధనలో టిక్కీ పొట్ట కోసి చూసిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఎరిక్ టర్నర్. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో పనిచేసి బయటికొచ్చిన సైకియాట్రిస్టు. డిప్రెషన్ మందుల మీద కంపెనీలు ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేసిన 74 ట్రయల్స్‌ని (మనుషుల మీద చేసే మందు పరీక్షలని) తీసుకుని, వాటిలో జర్నళ్ళలో అచ్చయినవి ఎన్నో వెతికాడు. 2008లో ఫలితం బయటపెట్టాడు. మందు పనిచేసిందని ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ట్రయల్స్ 38. వాటిలో 37 అచ్చయ్యాయి. పనిచేయలేదనో, సందేహమనో తేలినవి 36. వాటిలో 22 అసలు అచ్చే కాలేదు. మరో 11 అచ్చయ్యాయి గానీ, మందు పనిచేసినట్టు అర్థం వచ్చేలా రాసి వేశారు. ఉన్నదున్నట్టు అచ్చయినవి మూడంటే మూడు. జర్నళ్ళు చదివే డాక్టరుకి వందకి 94 ట్రయల్స్ బాగున్నట్టు కనబడ్డాయి. ఎఫ్‌డీఏ బీరువాలో చూస్తే సగమే.

మా భాషలో చెప్పాలంటే, తాలు టిక్కీలన్నీ వెనక గోడౌనులో పెట్టి, తాళం వేసి, ముందు గదిలో మచ్చు చూపించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇది చదివి, వేసుకుంటున్న డిప్రెషన్ మాత్రలు ఎవరైనా ఆపేస్తారేమోనని నాకు భయం. దాచినవి కూడా కలిపి లెక్కేసినా ఆ మందులు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయని అదే పేపర్లో టర్నర్ రాశాడు. కాకపోతే పనితనాన్ని సగటున 32 శాతం పెంచి చూపించారు. కాయ మంచిదే, రేటే మోసం.

అచ్చుకాని ఫలితాల గొడవ కంపెనీలతోనే ఆగదు. మా పక్కనున్న విజయవాడనే చూడండి. ఉప్పూ నూనే మానేస్తే రోగాలు దరిచేరవని కరకట్ట మీద ఒక బోధ. రోజుకి అరగ్లాసు దాకా కొబ్బరినూనె తాగితే షుగరు పోతుందని ఇంకో బోధ. 2018 ప్రాంతంలో మా చుట్టాల ఇళ్ళలో సగం మంది దొడ్లోకెళ్ళి కొబ్బరినూనె మింగి, ముక్కు మూసుకుని నిమ్మకాయ నీళ్ళు తాగినవాళ్ళే. మా పెద్దమ్మ అయితే ఆర్నెల్ల తేడాలో రెండూ చేసింది. ముందు నూనె చుక్క ముట్టలేదు, తర్వాత అన్నం మెతుకు ముట్టలేదు. రెండుసార్లూ నాలుగు కిలోలు తగ్గింది, రెండుసార్లూ ఐదు కిలోలు పెరిగింది. ఆవిడ ఏ సభలోనూ మైకు పట్టుకుని మాట్లాడలేదు. సభలో మైకు పట్టుకునేది తగ్గినవాడే. తగ్గనివాడు ఇంట్లో కూర్చుని, తన నిష్ఠ చాల్లేదనుకుంటాడు.

ఈ రోగానికి ఒక మందు కనిపెట్టారు, అది కొంత పనిచేస్తోంది కూడా. ట్రయల్ మొదలుపెట్టకముందే ‘ఇంతమంది మీద, ఫలానా కొలత కోసం చేస్తున్నాం’ అని బహిరంగంగా రాసి పెట్టాలి. గేటు దగ్గరే లెక్కలో పడ్డ టిక్కీని తర్వాత మాయం చేయడం కష్టం. మన దేశంలో సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. దీనివల్ల ఎంత తేడా వస్తుందో 2015లో అమెరికాలో ఇద్దరు లెక్కేశారు. గుండెజబ్బుల మీద అక్కడి ప్రభుత్వ డబ్బుతో జరిగిన పెద్ద ట్రయల్స్ తీసుకుంటే, 2000కి ముందు 30లో 17 ‘మేలు జరిగింది’ అన్నాయి. ముందే రాసిపెట్టే పద్ధతి వచ్చాక 25లో 2. ఈ అంకెలు మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను.

ముందే రాసిపెట్టకపోతే ఏమవుతుందో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు 2015లో కావాలనే చేసి చూపించాడు. జర్మనీలో పదిహేను మందిని తీసుకుని, కొందరికి రోజూ కాస్త డార్క్ చాక్లెట్ పెట్టి, బరువు, కొలెస్ట్రాల్, నిద్ర ఇలా 18 కొలతలు తీశాడు. 18 కొలిస్తే ఏదో ఒకటి గుడ్డిగానైనా తగిలే అవకాశం వందకి 60. తగిలింది బరువు. చాక్లెట్ తింటే సన్నబడతారని డబ్బులు తీసుకుని వేసే ఒక జర్నల్ అచ్చేసింది, జర్మనీలో బిల్డ్ పత్రిక మొదటి పేజీకి ఎక్కించింది, మిగతావాళ్ళు ఎత్తి రాసుకున్నారు. ‘ఎంతమంది మీద చేశారు?’ అని ముందు అడగాల్సినవాళ్ళెవరూ అడగలేదు.

ఇంతవరకూ చదివి, ‘అయితే అంతా మోసమేనన్నమాట’ అనుకునేవాళ్ళుంటారు. మా బావగారు అలాగే అనుకున్నారు. అనుకునేలా చేసింది నేను.

బావగారు విజయవాడ పటమటలో ఉంటారు. రిటైరైన లెక్కల మాస్టారు. పండక్కి వెళ్ళినప్పుడల్లా భోజనాల దగ్గర నా రెప్ కథలు చెప్పేవాణ్ణి. కాళ్ళు నరికిన స్తంభాల కథ, 22 దాచిన ట్రయల్స్ కథ. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని వినేవారు. ఒకరోజు ఫోన్ చేసి, “ఒరేయ్, బీపీ కూడా ఇంతేరా. మొన్నటిదాకా 140 అన్నారు. 2017లో అమెరికావాళ్ళు 130కి దించేశారు. రాత్రికి రాత్రి అక్కడ బీపీ ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళలో 32 శాతం నుంచి 46 శాతం అయ్యారు. మాత్రలు అమ్ముకోడానికి కాకపోతే ఎందుకు?” అన్నారు. అంకెలు సరైనవే. నేను కూడా “అదే కదా బావగారూ” అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ నాలిక్కరుచుకుంటాను.

ఆయన మాత్రలు ఆపేశారు. ఎవరికీ చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత శుక్లాల ఆపరేషన్‌కి టేబుల్ దాకా తీసుకెళ్ళి, బీపీ చూసి, 200/110 ఉందని కిందికి దించేశారు. తెల్లకోటు చూస్తే టెన్షన్ వచ్చి పెరిగిందని ఆయన వాదన. అలా పెరిగే మాట నిజమే. అందుకే అరగంటకోసారి మూడుసార్లు చూశారట. మూడోసారి 196. అక్క ఫోన్లో నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. వాదించడానికి కాదు, ఆయన చూస్తున్న వీడియోలు నేనూ చూడ్డానికి. ఒకాయన మంచం మీద కూర్చుని, కంపెనీల కుట్ర గురించి గంటసేపు చెప్పి, చివర్లో తన కషాయం పొడి ఎలా తెప్పించుకోవాలో చెబుతాడు. “బావగారూ, ఈయన మాట విని మాత్రలు ఆపినవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో ఏడాది తర్వాత ఎంతమంది బాగున్నారు? ఎవరు లెక్క రాశారు?” అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. “ఈయనకి కంపెనీ డబ్బులివ్వట్లేదు సరే. ఈయనే కంపెనీ” అన్నాను.

130 వెనక ఉన్న పెద్ద ఆధారాన్ని కూడా అప్పుడే ఇద్దరం కూర్చుని చదివాం. స్ప్రింట్ అనే అధ్యయనం, 2015లో వచ్చింది. 9,361 మంది. డబ్బు పెట్టింది మందుల కంపెనీ కాదు, అమెరికా ప్రభుత్వ సంస్థ. బీపీని బాగా దించినవాళ్ళలో గుండె, మెదడు ప్రమాదాలు ఏడాదికి వందమందిలో 2.19 నుంచి 1.65కి తగ్గాయి. దాంతోపాటు బీపీ మరీ పడిపోవడం, సొమ్మసిల్లడం, కిడ్నీ దెబ్బతినడం ఎక్కువయ్యాయని కూడా వాళ్ళే రాశారు. లాభమూ నష్టమూ పక్కపక్కన ఉన్నాయి. లెక్కల మాస్టారికి అది నచ్చింది. 130 కావాలా 140 చాలా అన్నది నిజంగానే వాదించుకోదగ్గ విషయం, మన డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. బావగారి 200 గురించి మాత్రం ఎక్కడా వాదన లేదు. చిన్న గీత దగ్గర తగాదాని చూసి, ఆయన మొత్తం పొలమే లేదనుకున్నారు.

ఆయన దగ్గర చివరి అస్త్రం ఒకటి మిగిలింది. మా తాతయ్య. మిర్చి వ్యాపారం చేసిన ఆ మనిషికి కడుపులో పుండు పడిందని, కారం వల్లే వచ్చిందని డాక్టరు మాన్పించేస్తే, పదిహేనేళ్ళు చప్పిడి తిండి తిన్నాడు. తీరా చూస్తే కడుపు పుళ్ళకి అసలు కారణాలు ఎక్కువగా హెలికోబాక్టర్ అనే బాక్టీరియా, నొప్పి మాత్రలూ. “మీ సైన్సు మా తాతని పదిహేనేళ్ళు పస్తుపెట్టింది” అంటారు బావగారు. నిజమే. కానీ ఆ తప్పు పట్టుకున్నదెవరు? ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు. ఎవరూ నమ్మకపోతే 1984లో ఆ బాక్టీరియాని తనే తాగి, కడుపు చెడగొట్టుకుని చూపించాడు. ఆయనకీ రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ వచ్చింది. చక్కెర వ్యాపారుల సంఘం హార్వర్డ్ వాళ్ళకి 6,500 డాలర్లిచ్చి, గుండెజబ్బుల నిందని కొవ్వు మీదికి తోసేలా 1967లో ఒక వ్యాసం రాయించుకున్న సంగతి కూడా, పాత ఉత్తరాలు తవ్వి 2016లో బయటపెట్టింది సాటి పరిశోధకులే. టర్నరూ అంతే. దొంగల్ని పట్టుకున్నవాళ్ళలో కషాయం పొడి అమ్మేవాడు ఒక్కడూ లేడు.

అన్నట్టు, తాతయ్య కథ నాకెందుకంత ఇష్టమో గమనించారా? అందులో మిరపకాయ నిర్దోషిగా బయటపడుతుంది.

నా జబ్బు నాకు అక్కడే దొరికింది. 2019లో మిర్చి మీద రెండు వార్తలొచ్చాయి. ఇటలీలో 22 వేల మందికి పైగా చూస్తే, వారానికి నాలుగుసార్లకి మించి మిర్చి తినేవాళ్ళలో చావులు 23 శాతం తక్కువని ఒకటి. దాన్ని మూడు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేశాను. చైనాలోనే నాలుగున్నర వేల మందిని చూస్తే, రోజుకి 50 గ్రాములకి మించి మిర్చి తినేవాళ్ళలో జ్ఞాపకశక్తి తొందరగా తగ్గిందని ఇంకోటి. అది చదివి, ‘ఇలాంటి సర్వేలని ఏం నమ్ముతాం, కారణం ఇంకేదో అయ్యుంటుంది’ అని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. రెండూ ఒకే జాతి పరిశోధనలు. పత్యం తర్కం రెండో దానికి గుర్తొచ్చింది, మొదటిదానికి రాలేదు. కంపెనీ తాలు టిక్కీలు దాచిందని అంత మందికి చెప్పినవాణ్ణి, నా జేబులోనే ఒక గోడౌను పెట్టుకుని తిరుగుతున్నాను.

నా ఒక్కడి జబ్బేనా అని మావయ్య మీద పరీక్ష పెట్టాను. పోయిన సీజన్లో ఒక మధ్యాహ్నం, ఎండకి యార్డంతా ఘాటెత్తి దగ్గులు వినిపిస్తున్న వేళ, సరుకు తూకాలయ్యాక మెల్లగా కదిపాను. “మావయ్యా, మెక్సికోలో 1994లో ఒక పరిశోధన చేశారు. మిర్చి తినేవాళ్ళకి పొట్టలో కేన్సర్ ఐదున్నర రెట్లు ఎక్కువట.”

వాలుకుర్చీలో పడుకున్న మనిషి లేచి కూర్చున్నాడు.

“ఎంతమందిని చూశారు?”

“కేన్సర్ ఉన్నవాళ్ళు 220, లేనివాళ్ళు 752.”

“జబ్బు రాకముందు అడిగారా, వచ్చాకా?”

“వచ్చాకే.”

“కడుపులో కేన్సరని చెప్పి, కారం తిన్నావా అని అడిగితే ఏం చెప్తాడు? తిన్నానని నెత్తీ నోరూ కొట్టుకుంటాడు. రాకముందు ఎంత తిన్నాడో వాడికేం గుర్తుంటుందిరా? మీ అత్తయ్యని నిన్న ఏం కూర వండావంటే ఆలోచిస్తుంది.” కండువాతో మొహం తుడుచుకున్నాడు. “పచ్చి కాయ తింటారా, నిలవ పచ్చడా? ఉప్పెంత పోస్తారు? తాతకొచ్చిన పురుగు వాళ్ళ కడుపులో ఉందో లేదో చూశారా? అసలు ఐదున్నర రెట్లంటే... ఎంతమందికి వచ్చేది ఎంతమందికి వస్తోంది?”

కొత్తపేట డాక్టరుగారి ప్రశ్న! తొమ్మిదో క్లాసు దాకా చదివిన మా మావయ్య నోటి నుంచి, ఎవరూ నేర్పకుండా, ఐదు నిమిషాల్లో వచ్చేసింది. ఒక్కటీ తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. ఏ జర్నల్ ఎడిటరైనా అడగాల్సినవే.

నేను ఏమీ అనకుండా గోడ వైపు చూశాను. ఆయనా చూశాడు. చాలాసేపు చూశాడు.

“దాన్నీ ఇలాగే అడగాలంటావా?”

“అడగాలి కదా. పైగా దాని చివర, కారమే కారణమని చెప్పలేమని వాళ్ళే రాశారు. కవరులో పట్టలేదని ఆ పేరా నేనే కత్తిరించేశాను.”

“ఆ ముక్కేదిరా?”

“అక్కడే, జిరాక్స్ షాపులోనే పారేశాను.”

మావయ్య నవ్వాడు. నవ్వుతూనే దగ్గాడు. తీసేయమంటారా అని స్టూలు దగ్గరికి జరిపి, మేకుకి చెయ్యి అందించాను. లామినేషన్ ఒక మూల గోడ నుంచి లేచింది.

“ఉండనీరా. దాని వెనక గోడ పెచ్చూడింది.”